హైస్కూల్ ఇంగ్లిష్ క్లాసుకి ఐదులో మూడు స్టార్లు

ముందే రేటింగ్ చెప్పేస్తాను: ఐదుకి మూడు. ఎక్కడ, ఎందుకు కోత పెట్టానో కింద ఉంది. అంతా చదివే ఓపిక లేకపోతే ప్రెసీ (ఇచ్చిన పాసేజీని కుదించి రాయడం) గురించి రాసిన చోటికి నేరుగా వెళ్ళిపోండి, అసలు సరుకు అక్కడే ఉంది.

రివ్యూ రాయడానికి నీకేం అర్హత ఉందని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి అదీ చెప్తాను. నేను మాన్యువల్స్ రాసి బతుకుతాను. ఆసుపత్రుల్లో వాడే సిరంజి పంపులు, సక్షన్ మెషీన్లు, ఆక్సిజన్ పరికరాలు ఎలా అమర్చాలి, ఎలా కడగాలి, అలారం మోగితే ముందు ఏది తిప్పాలి అన్నది ఇంగ్లిష్‌లో రాయడం నా పని. నా వాక్యాలు ఎవరూ తీరిగ్గా కూర్చుని చదవరు. అర్ధరాత్రి డ్యూటీలో ఒక చెయ్యి పేషెంటు మీద ఉంచి, రెండో చేత్తో పేజీ తిప్పే నర్సు చదువుతుంది. నా ఇంగ్లిష్ అందంగా ఉందా లేదా అన్నది ఆవిడకి అనవసరం. ఒక్కసారి చదవగానే ఒక్కటే అర్థం రావాలి, అంతే. కాబట్టి హైస్కూల్లో ఇంగ్లిష్ పేరుతో నాకు అంటగట్టిన వాటిలో ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది అన్న లెక్క నా దగ్గర కాస్త కచ్చితంగానే ఉంది. పైగా ఇప్పుడు మా అక్క కూతురు హైస్కూల్లో ఉంది. "పిన్నీ, ఇది కొంచెం చూడవా" అంటూ నోటుబుక్కు పేజీల ఫోటోలు పంపుతూ ఉంటుంది. వాటిని చూస్తే నా కాలానికీ దాని కాలానికీ మారింది అట్టలూ బొమ్మలేనని అర్థమవుతోంది.

ప్యాకేజీలో వచ్చేవి ఇవి: గ్రామర్, వొకాబులరీ, ఒక పాసేజీ దాని కింద ప్రశ్నలు, వ్యాసాలు, ఉత్తరాలు, నాలుగైదు పద్యాలు, ఒక నాటకం. మాట్లాడటం, వినడం కూడా ఉంటాయని కాగితం మీద రాసి ఉంటుంది.

గ్రామర్‌తో మొదలుపెడతాను, క్లాసులో ఎక్కువ గంటలు తినేది అదే కాబట్టి. వాయిస్ మార్చడం అందరికీ గుర్తుండే ఎక్సర్‌సైజు. "ద నర్స్ క్లోజ్డ్ ద వాల్వ్" అని ఇస్తే "ద వాల్వ్ వజ్ క్లోజ్డ్ బై ద నర్స్" అని రాయాలి. కర్మని ముందుకి తేవాలి, క్రియని మార్చాలి, చివర "బై" తగిలించాలి. మా అక్క కూతుర్ని నిద్రలో లేపి అడిగినా చేసేస్తుంది. మరి పాసివ్ ఎప్పుడు వాడతారే అని అడిగితే "టీచర్ అడిగినప్పుడు" అంది. దాన్ని అనుకుని లాభం లేదు, క్లాసు నేర్పింది అంతవరకే. పాసివ్ ఉన్నదే ఆ "బై" తోకని కోసెయ్యడానికి. చేసినవాళ్ళెవరో తెలియనప్పుడు, తెలిసినా చెప్పనక్కర్లేనప్పుడు, ఒక్కోసారి చెప్పడం ఇష్టంలేనప్పుడు అది పనికొస్తుంది. "మిస్టేక్స్ వర్ మేడ్" అని పెద్దమనుషులు ప్రకటనలిచ్చేది అందుకే. ఎక్సర్‌సైజు మాత్రం ఆ తోకనే భద్రంగా కాపాడమంటుంది, వదిలేస్తే మార్కు కోస్తుంది. నా మాన్యువల్లో "ద వాల్వ్ షుడ్ బి క్లోజ్డ్" అని ఉంటే మొదట కొట్టేసేది నేనే. ఎవరు మూసెయ్యాలి? నర్సా, టెక్నీషియనా, లేక యంత్రం తనంతట తనే మూసుకుంటుందా? "క్లోజ్ ద వాల్వ్" అంటే ఏ గొడవా లేదు.

ఈ డ్రిల్లు మన తెలుగుకి కూడా అంటుకుందని నాకో అనుమానం. "రాముని చేత రావణుడు చంపబడెను" అన్న వాక్యం వ్యాకరణ పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడదు. "నిర్ణయం తీసుకోబడింది" మాత్రం ఎక్కడ చూసినా కనపడుతోంది. సరే, అది వేరే రివ్యూ.

డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్‌కి మాత్రం పూర్తి మార్కులు. "నౌ" పోయి "దెన్" వస్తుంది, "టుమారో" పోయి "ద నెక్స్ట్ డే" వస్తుంది, వర్తమానం ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది అని బట్టీ పట్టినప్పుడు ఇదెందుకో తెలియలేదు. ఇన్సిడెంట్ రిపోర్టులు చదవడం మొదలుపెట్టాక తెలిసింది. "అలారం మోగలేదు" అన్నది ఒక విషయం. "అలారం మోగలేదని డ్యూటీలో ఉన్న నర్సు చెప్పారు" అన్నది ఇంకో విషయం. మొదటిది యంత్రం గురించిన నిజం, రెండోది ఒక మనిషి మాట. ఈ రెంటినీ కలిపేస్తే ఇంజినీర్లు లేని లోపం కోసం వారాల తరబడి వెతుకుతారు. ఎవరు అన్నారు, ఎప్పుడన్నారు, మనం దాన్ని ఎంతవరకు పూచీపడి చెప్తున్నాం అన్న మూడు సంగతులూ "సెడ్" తర్వాత వచ్చే ఆ చిన్న "దట్" చుట్టూ తిరుగుతాయి. క్లాసులో ఇది చెప్పి ఉంటే ఆ ఎక్సర్‌సైజుని అంత విసుగ్గా చేసేవాళ్ళం కాదు.

టెన్సుల పట్టిక సంగతి. పన్నెండు గళ్ళు, మూడు అడ్డం, నాలుగు నిలువు. భాషాశాస్త్రవేత్తల్ని అడిగితే ఇంగ్లిష్ క్రియ రూపం మార్చుకుని చూపించే కాలాలు రెండే, భూత వర్తమానాలు. భవిష్యత్తు "విల్" లాంటి తోడు మాటలతో నడుస్తుంది అంటారు. అయినా నాకు ఆ పట్టిక మీద కోపం లేదు. గళ్ళలో పెట్టి చూపిస్తే పిల్లలకి ఒక ఆసరా. చిక్కంతా "ఐ సా", "ఐ హావ్ సీన్" దగ్గర వస్తుంది. మనకి రెంటికీ "చూశాను" ఒక్కటే సరిపోతుంది, అందుకే "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అన్నది మన చెవికి తప్పుగా వినపడదు. ఆ ఒక్క గడి మీద వారం కూర్చోవచ్చు. క్లాసు పన్నెండు గళ్ళకీ సమానంగా సమయం పంచుతుంది. "ఐ షల్ హావ్ బీన్ రైటింగ్" అన్న వాక్యం రాసే అవసరం ఈ ఉద్యోగంలో నాకు ఇంతవరకూ రాలేదు.

ఆర్టికల్స్ దగ్గరా ఇదే తంతు. "ఎ", "ఆన్" ఎక్కడ వస్తాయన్నది పది నిమిషాల పాఠం: అక్షరాన్ని కాదు, శబ్దాన్ని చూడాలి, అందుకే "ఆన్ అవర్", "ఎ యూనివర్సిటీ". ఖాళీలు పూరించమనే పేజీలన్నీ దీని మీదే ఉంటాయి. కష్టమైంది "ఎ"కీ "ద"కీ ఉన్న తేడా. "రిమూవ్ ఎ స్క్రూ" అంటే ఉన్నవాటిలో ఏదో ఒకటి. "రిమూవ్ ద స్క్రూ" అంటే ఇందాక మనం చెప్పుకున్న ఫలానాది, నీకూ నాకూ తెలిసినది. మూత మీద నాలుగు స్క్రూలు ఉన్నప్పుడు ఈ తేడా తెలియకపోతే పరికరం విప్పేవాడి గతి ఏమిటి? మన భాషలో ఆర్టికల్ లేదు కాబట్టి మనకిది అందరికంటే ఎక్కువ చెప్పాలి. ఇక్కడ అర స్టారు కోశాను.

మోడల్స్ (క్రియకి తోడుగా వచ్చే "కెన్", "మే" లాంటి మాటలు) గురించి కూడా ఒక మాట. "కెన్" శక్తికి, "మే" అనుమతికి అని చెప్పి ముగించేస్తారు. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు "మస్ట్", "షుడ్", "మే" అన్న మాటలకి కచ్చితమైన అర్థాలు కడుతూ ఏకంగా ఒక పత్రమే ప్రచురించుకున్నారు. "మస్ట్" అంటే తప్పించుకునే దారి లేదు. "షుడ్" అంటే గట్టి కారణం ఉంటే తప్ప మానకూడదు. "మే" అంటే మీ ఇష్టం. ఆ ఒక్క పేజీ హైస్కూల్లో పెట్టినా మోడల్స్ పాఠం అయిపోతుంది.

సింపుల్ వాక్యాన్ని కాంప్లెక్స్ చెయ్యమంటారు, రెండు వాక్యాల్ని ఒకటిగా కలపమంటారు. చదవడానికి ఇది మంచి సాధన. పొడుగాటి వాక్యం ఎదురైనప్పుడు కీళ్ళు ఎక్కడున్నాయో చూసి విప్పుకోవచ్చు. కానీ పిల్లల మనసులో పొడుగు వాక్యమే గొప్పదన్న నమ్మకం పడిపోతుంది. విమానాల మెయింటెనెన్స్ పుస్తకాల కోసం 1980ల్లో సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒకటి తయారైంది. అందులో పని చెప్పే వాక్యం ఇరవై మాటలు దాటకూడదు, వివరణ ఇచ్చే వాక్యం ఇరవై అయిదు దాటకూడదు. నేను రోజూ దీనికి లోబడే రాస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పట్టిన పనల్లా హైస్కూల్లో కలిపిన వాక్యాల్ని మళ్ళీ విడగొట్టడమే.

నిషేధాల జాబితా కూడా ఒకటి ఇస్తారు: వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకు, "టు"కీ క్రియకీ మధ్య ఏమీ దూర్చకు. మొదటిది 1672లో కవి డ్రైడెన్ తన ముందుతరం వాళ్ళ మీద పెట్టిన అభ్యంతరం. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు తన వ్యాకరణంలో ఇది మన భాషకి బాగా అలవాటైన పోకడ అని చెప్తూ ఆ వాక్యాన్నే "టు"తో ముగించాడు. వేళాకోళానికి చేశాడో, అలవాటుకొద్దీ చేశాడో గానీ తర్వాతి టీచర్లకి మాత్రం ఆ నవ్వు అందలేదు.

స్పెల్లింగ్ గురించి త్వరగా ముగిస్తాను, కానీ ఫిర్యాదు మాత్రం పెద్దదే. రాసినట్టు చదివే లిపి నుంచి వచ్చిన పిల్లకి వీరుడు అనే అర్థం ఉన్న "నైట్" (knight) ముందు ఒక "కె" కనిపిస్తే ఎలా ఉంటుంది? క్లాసు ఇచ్చే జవాబు: గుర్తుపెట్టుకో. అసలు జవాబు చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. ఆ "కె"ని ఒకప్పుడు పలికేవారు. 1476లో కాక్స్టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గట్టిపడటం మొదలైంది. సుమారు 1400 నుంచి 1700 వరకూ ఇంగ్లిష్‌లో దీర్ఘాచ్చుల ఉచ్చారణ అంతా మారిపోయింది. రాత పాత చోటే నిలబడింది, నోరు ముందుకెళ్ళిపోయింది. "నేమ్" అన్న మాటని ఒకప్పుడు ఇంచుమించు "నామ" అనే పలికేవారని చెప్పగానే మా అక్క కూతురి కళ్ళు ఇంతయ్యాయి. ఆ తర్వాత చివరి "ఇ" గురించి మళ్ళీ అడగలేదు. కారణం తెలిస్తే బట్టీ బరువు తగ్గుతుంది.

వొకాబులరీ దగ్గర ఈ సర్వీసు తప్పు సరుకు పంపుతోంది. ఎవరూ వాడని మాటలకి పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు వల్లె వేయిస్తారు. వాడుకలో ఉన్నవేవో లెక్కపెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. 1953లో మైకేల్ వెస్ట్ సుమారు రెండు వేల మాటల జాబితా ఒకటి వేశాడు, మామూలు ఇంగ్లిష్‌లో అధికభాగం వాటితోనే నడిచిపోతుంది. 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ చదువుల పుస్తకాలన్నింటిలో ఉమ్మడిగా కనపడే 570 పదకుటుంబాల్ని ఏరింది. అకడమిక్ పాఠాల్లో పది మాటలకి ఒకటి అందులోంచే వస్తుంది. "అజ్యూమ్", "డిరైవ్", "కన్సిస్ట్", "సిగ్నిఫికెంట్" లాంటివి. భౌతికశాస్త్రంలోనూ ఇవే, చరిత్రలోనూ ఇవే. ఇంగ్లిష్ క్లాసు నేర్పకపోతే వీటిని ఏ క్లాసూ నేర్పదు. సైన్స్ టీచర్ ఇవి పిల్లలకి వచ్చేసి ఉంటాయనే అనుకుంటుంది. మెచ్చుకోవలసింది ఒకటుంది, గ్రీకు, లాటిన్ మూలాల పాఠం. "హైపర్" అంటే ఎక్కువ, "హైపో" అంటే తక్కువ అన్న రెండు ముక్కలు తొమ్మిదో తరగతిలో తలకెక్కాయి, ఆసుపత్రి భాషలో సగం తలుపులు వాటితోనే తెరుచుకున్నాయి. ఆ ఒక్క ముక్క తేడాలో రక్తంలో చక్కెర పెరగడం, పడిపోవడం తారుమారవుతాయి కదా.

ఇంకో అలవాటు కూడా ఈ క్లాసే చేస్తుంది: రాసిన మాటే మళ్ళీ రాయకు, పర్యాయపదం వాడు. వ్యాసంలో బాగానే ఉంటుందేమో. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళ డ్రాఫ్టుల్లో మొదటి మెట్టులో "వాల్వ్", రెండో మెట్టులో "టాప్", మూడో మెట్టులో "స్టాప్‌కాక్" ఉంటుంది. ఉన్నది ఒకటే పరికరం. చదివేవాళ్ళు మిగతా రెంటి కోసం యంత్రం చుట్టూ వెతుకుతారు. సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్‌లో ఒక మాటకి ఒకటే అర్థం. "ఫాలో" అంటే వెనక రావడం మాత్రమే, సూచనల్ని పాటించమనాలంటే "ఒబే" అనాలి. మాటకి ఇంత కట్టుబాటు వ్యాసానికి అక్కర్లేదు, ఒప్పుకుంటాను. పదే పదే అదే మాట రావడం ఒక్కోసారి మంచిదేనని ఎవరో ఒకరు చెప్పాలి మరి.

ఇక కాంప్రహెన్షన్, ప్రెసీ. ఈ క్లాసుకి నేను రెండు స్టార్లు ఇస్తే సరిపోయేది, మూడోది వీటివల్ల వచ్చింది.

పాసేజీ ఇచ్చి ప్రశ్నలడగడంలో ఒక దొంగదారి ఉంది, అందరికీ తెలుసు. ప్రశ్నలో ఉన్న మాట పాసేజీలో ఎక్కడుందో చూసి, ఆ వాక్యాన్ని తీసి రాసెయ్యడం. ప్రశ్నలు రాసేవాళ్ళు బద్ధకిస్తే అది పనిచేస్తుంది. బద్ధకించకపోతే, అంటే రచయిత ఫలానా మాట ఎందుకు అన్నాడు, అననిదేమిటి అని అడిగితే, అప్పుడు నిజంగా చదవాలి. చదవడమనేది అందరికీ వచ్చినట్టే కనిపిస్తుంది, నిజానికి చాలామందికి రాదు. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు విద్యార్థులకి కవి పేరు లేకుండా పద్యాలిచ్చి, ఏమనిపించిందో రాసి ఇమ్మన్నాడు. 1929లో ఆ జవాబుల్ని విడదీసి అచ్చువేశాడు. సాహిత్యం చదువుకుంటున్న విశ్వవిద్యాలయం పిల్లలే చాలామంది పద్యం పైకి చెప్తున్న మామూలు అర్థం కూడా పట్టుకోలేకపోయారు. లోపలి అర్థాల మాట దేవుడెరుగు. తమ మనసులో ముందే ఉన్నదాన్ని పద్యంలో చదువుకున్నారు. మా ఇంజినీర్లు నా డ్రాఫ్టుని సరిచూసేటప్పుడూ ఇదే జరుగుతుంది: నేను రాసింది వదిలేసి వాళ్ళకి తెలిసింది చదువుతారు.

ప్రెసీ అంటే ఇచ్చిన దాన్ని సుమారు మూడో వంతుకి కుదించడం. సొంత మాటల్లో, సొంత అభిప్రాయం కలపకుండా, వరస చెడకుండా. పైన ఒక శీర్షిక. మార్కులు తక్కువ, శ్రమ ఎక్కువ, అందుకే పిల్లలు పరీక్షలో చివరికి వదిలేస్తారు, టీచర్లు కూడా ఆఖరి వారంలో తెమల్చేస్తారు. హైస్కూల్ ఇంగ్లిష్‌లో నా జీతం నిలబడింది దీని మీద. ఒక ఇంజినీరు పదకొండు పేజీల నోట్ పంపుతాడు. ఆయన ఆ లోపాన్ని ఎలా కనుక్కున్నాడో, ఎన్ని రాత్రులు మేలుకున్నాడో అన్నీ ఉంటాయి. అందులోంచి నర్సుకి కావలసిన అరపేజీ తియ్యాలి. ఏది ఉదాహరణ, ఏది కారణం, ఏది హెచ్చరిక, ఏది ఆయన గొప్ప, విడగొట్టుకోవాలి. ఉదాహరణలు ముందు పోతాయి, విశేషణాలు తర్వాత పోతాయి, "అయితే" అన్న మాట మాత్రం పోకూడదు. దాని వెనకే మినహాయింపు ఉంటుంది. "బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది, అయితే హీటర్ ఆన్‌లో ఉంటే రెండే" అన్నదాన్ని కుదిస్తూ "నాలుగు గంటలు వస్తుంది" అని రాసినవాళ్ళని చూశాను. మాటలు తగ్గించారు, మాట తప్పించారు.

ప్రెసీలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పూర్తిగా అర్థమైతే తప్ప కుదించలేరు, కాబట్టి చదవడానికి పరీక్ష. సొంత మాటల్లో చెప్పాలి కాబట్టి రాయడానికి పరీక్ష. గ్రామర్ కూడా అక్కడే పనికొస్తుంది. మూడు వాక్యాల్ని ఒకటి చెయ్యాలంటే ఏది ప్రధానం, ఏది అధీనం అని తేల్చుకోవాలి కదా. ఈ ఎక్సర్‌సైజుని వారానికొకటి పెట్టి, మిగతావన్నీ దాని చుట్టూ తిప్పితే ఈ సర్వీసుకి కళ్ళు మూసుకుని ఐదు స్టార్లు ఇస్తాను. ఇప్పుడున్నది దానికి తలకిందులు.

కాంపొజిషన్‌కి వస్తే, ఉత్తరాల ఫార్మాట్లు జీవితాంతం ఉంటాయి. "డియర్ సర్" అంటే కింద "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", పేరుతో పిలిస్తే "యువర్స్ సిన్సియర్లీ". ఈమెయిల్ కాలంలోనూ ఇది తెలిసినవాళ్ళ ఉత్తరం తెలియనివాళ్ళ ఉత్తరం కంటే తిన్నగా నడుస్తుంది. వ్యాసానికి ఐదు పేరాల మూస ఇస్తారు: పరిచయం, మూడు కారణాలు, ముగింపు. మూస మీద వెటకారాలు చాలా విన్నాను. మొదట రాసేవాళ్ళకి మూస కావాలి, ప్రతి పేరా ఏదో ఒక్క విషయం చెప్పాలన్న స్పృహ అక్కడే వస్తుంది. నా అభ్యంతరం ఆ మూడు మీదే. ఒకే కారణం ఉన్న విషయానికీ పిల్లలు మూడు చెప్తారు, రెండోది మొదటిదానికి మారువేషం, మూడోది పర్యావరణం.

అసలు లోటు వేరే ఉంది. ఈ క్లాసులో ఎవరూ దేన్నీ తిరగరాయరు. మా అక్క కూతురి నోటుబుక్కులో వ్యాసం ఉంటుంది, ఎర్ర సున్నాలు ఉంటాయి, కింద "గుడ్" అని ఉంటుంది, పక్క పేజీలో కొత్త వ్యాసం మొదలవుతుంది. ఆ ఎర్ర సున్నాలు చూసి మళ్ళీ రాయమన్న మాట ఎక్కడా లేదు. ఉద్యోగంలో రాయడమంటే మొదటి డ్రాఫ్టు తర్వాత జరిగేదంతా. నా మొదటి డ్రాఫ్టు నేను తప్ప ఇంకెవరూ చూడరు, చూడకూడదు కూడా. ఏది ముందు రావాలో, ఏ పేరా ఎత్తెయ్యాలో, ఎక్కడ నేను తెలిసినట్టు నటించానో రెండోసారి చదివితేనే కనపడుతుంది. ఇప్పుడు పిల్లలు ఈ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తున్నారు. అది ప్రతి పాసివ్ కిందా గీత గీస్తుంది, వీళ్ళు ప్రతి గీతనీ నొక్కేస్తారు, వాక్యం సాఫీ అవుతుంది. ఎందుకు మారిందో ఇద్దరికీ తెలియదు.

సాహిత్యం విషయంలో నేను కాస్త పక్షపాతిని, ముందే చెప్తున్నాను. అలంకారాల వేట నాకు నచ్చదు. సిమిలీలో "లైక్" ఉంటుంది, మెటఫర్‌లో ఉండదు అని గుర్తుపట్టి కింద గీత గీస్తే పని అయిపోయినట్టే. ఆ పోలిక అక్కడ ఏం చేస్తోంది, తీసేస్తే ఏం పోతుంది అని అడగరు. ఛందస్సు పాఠం కూడా అంతే, "ఐయాంబిక్ పెంటామీటర్" అని పేరు చెప్పి వదిలేస్తారు. గురులఘువులు గుర్తించడం వచ్చిన తెలుగు పిల్లకి ఇది ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: వరసగా ఐదు లగాలు, అంటే మన వ గణాలు, కాకపోతే మనం పలికే కాలాన్ని చూస్తాం, వాళ్ళు ఊనికని చూస్తారు. షేక్‌స్పియర్ సానెట్లు అనే చిన్న పద్యాలు 154 రాశాడు, ఒకటి రెండు తప్ప అన్నీ ఆ నడకే. బల్ల మీద వేళ్ళతో తాళం వేసి చూపిస్తే మా అక్క కూతురికి వెంటనే దొరికింది.

నాటకం మాత్రం బంగారం, దాన్ని వాడే పద్ధతే బాగాలేదు. షేక్‌స్పియర్ 1616లో పోయాడు. ఆయన నాటకాలు 36 కలిపి ఒక్క సంపుటంగా 1623లో అచ్చయ్యాయి, అందులో సగం అంతకుముందు ఎక్కడా అచ్చులో లేవు. అంటే అవి చెవులకోసం రాసినవి. క్లాసులో వాటిని కుర్చీల్లో కూర్చుని, మౌనంగా, పేజీ అడుగున అర్థాలు చూసుకుంటూ చదువుతారు. "జూలియస్ సీజర్" నాటకంలో సీజర్ శవం పక్కన అతని స్నేహితుడు ఆంటోనీ చేసే ప్రసంగాన్నే తీసుకోండి. సీజర్‌ని చంపినవాళ్ళలో ఒకడైన బ్రూటస్‌ని గౌరవనీయుడు అంటూనే ఉంటాడు. మొదటిసారి అది మర్యాద. నాలుగోసారికి అదే మాట జనాన్ని రెచ్చగొట్టే బూతు. మాట మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. పైకి చదవకపోతే ఇది పట్టుబడదు. ప్రశ్నపత్రం మాత్రం ఎవరు ఎవరితో అన్నారో అడిగి తృప్తిపడుతుంది. నా డెస్కు మీదికి "మీ మాన్యువల్ ఎంతో స్పష్టంగా ఉంది" అని మొదలయ్యే ఫిర్యాదులు వస్తూ ఉంటాయి. వాటిని ఎలా చదవాలో నాకు ఆంటోనీయే నేర్పాడు.

మాట్లాడటం, వినడం: ఖాళీ పెట్టె. క్లాసులో ఎక్కువసేపు ఇంగ్లిష్‌లో మాట్లాడేది టీచర్ ఒక్కరే. రాసే పరీక్షకి మార్కులుండి మాట్లాడేదానికి లేనప్పుడు ఇంకేం జరుగుతుంది.

కొనబోయేవాళ్ళకి, అంటే ఎలాగూ కొనక తప్పనివాళ్ళకి, వాడే విధానం చెప్తాను. దీనితోపాటు అమ్మే గైడ్లు తీసుకోకండి. అందులో జవాబులు ముందే కుదించి ఉంటాయి, కుదించడమే మీరు నేర్చుకోవలసిన పని. గ్రామర్ ఎక్సర్‌సైజు చేశాక ఈ రెండు వాక్యాల్లో ఏది ఎప్పుడు వాడతారని టీచర్ని అడగండి. చెప్పగలిగే టీచర్లు చాలామందే ఉన్నారు, అడిగేవాళ్ళు లేక చెప్పరు. పద్యాన్ని, నాటకాన్ని పైకి చదవండి, ఇంట్లోవాళ్ళు నవ్వినా సరే. వారానికొక ప్రెసీ మీరే పెట్టుకోండి, సైన్స్ పాఠం తీసుకున్నా పర్వాలేదు. దిద్ది ఇచ్చిన వ్యాసాన్ని అడగకపోయినా మళ్ళీ రాసి టీచర్ బల్ల మీద పెట్టండి.

విడివిడిగా స్టార్లు ఇవి: గ్రామర్ రెండున్నర, స్పెల్లింగ్ ఒకటి, వొకాబులరీ రెండు, ప్రెసీ ఐదు, కాంపొజిషన్ రెండున్నర, నాటకం నాలుగు, మాట్లాడటం అర. సగటు తీసి చూసి మూడు రావట్లేదే అని అడగకండి, ప్రెసీకి నేను రెట్టింపు బరువు వేశాను, మిగిలినది అభిమానం. రెండో డ్రాఫ్టుకి కూడా మార్కులు పెట్టే క్లాసు ఎక్కడైనా నడుస్తుంటే కింద రాయండి, చూసి ఇంకో స్టారు కలుపుతాను.